హ్యాండోవర్ జాప్యాన్ని ముక్కలుగా విడదీసి కొలవండి: మొబిలిటీ ప్రోటోకాల్‌ల పోలికపై సమాధానం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న విధంగా ముందు రెండు మాటల్లో చెబుతాను. మీరు విజయనగరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ఎం.టెక్. రెండో సంవత్సరం చదువుతున్నారు. మొబైల్ ఐపీవీ6, హైరార్కికల్ మొబైల్ ఐపీవీ6, ఫాస్ట్ హ్యాండోవర్, ప్రాక్సీ మొబైల్ ఐపీవీ6 అనే, ఫోను చోటు మారినా కనెక్షన్ తెగకుండా చూసే నాలుగు ప్రోటోకాల్‌లను, బయటివారు రాసిన మాడ్యూళ్ళ సాయంతో ఎన్‌ఎస్-3 సిమ్యులేటర్‌లో నడిపి, ఒక్కొక్కదానికి సగటు హ్యాండోవర్ జాప్యం (ఫోను ఒక యాక్సెస్ పాయింటు నుంచి మరోదానికి మారేటప్పుడు ప్యాకెట్లు ఆగిపోయే సమయం) తీసి బార్ చార్టు గీశారు. అన్నింటికన్నా ప్రాక్సీ మొబైల్ ఐపీవీ6 ఎంతో మెరుగని తేలింది. "ఎందుకు మెరుగు?" అని మీ గైడు అడిగితే జవాబు దొరకలేదు. ఈ పోలిక నిలబడాలంటే ఏం చేయాలన్నది మీ ప్రశ్న.

మీ గైడు అడిగినదే అసలు ప్రశ్న. మీ చార్టులోని సంఖ్యల్లో పొరపాటు లేకపోవచ్చు. అయినా అవి చాలా వరకు ప్రోటోకాల్‌లను కొలవలేదు, వాటి చుట్టూ ఉన్న డిఫాల్ట్ సెట్టింగులను కొలిచాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎన్నో ఏళ్ళు డ్రైవ్ టెస్టులు (ప్రయాణిస్తూ నెట్‌వర్కును కొలవడం) చేసి, ఆ తర్వాత విద్యార్థుల ప్రాజెక్టులు చూస్తూ వచ్చినవాడిగా చెబుతున్నాను: ఈ అంశం మీద నా దగ్గరికి వచ్చిన నివేదికల్లో ఎక్కువ వాటికి ఉన్న లోపం ఇదే.

హ్యాండోవర్ జాప్యం అని మనం ఒక్క మాటలో అనేది నిజానికి వరసగా జరిగే నాలుగైదు పనుల మొత్తం. మొదట ఫోను పాత యాక్సెస్ పాయింటును వదిలి కొత్తదాన్ని వెతికి పట్టుకోవాలి. తర్వాత తాను కొత్త సబ్‌నెట్‌లోకి వచ్చానని తెలుసుకోవాలి, అంటే కొత్త రూటర్ ప్రకటన వినాలి. ఆ తర్వాత కొత్త కేర్ ఆఫ్ అడ్రస్ (ఆ సబ్‌నెట్‌లో వాడే తాత్కాలిక చిరునామా) తయారు చేసుకుని, దాన్ని ఆ లింకు మీద మరెవరైనా వాడుతున్నారేమోనని అడిగి, జవాబు రాదని తేలేదాకా ఆగాలి. దీన్నే డూప్లికేట్ అడ్రస్ డిటెక్షన్ అంటారు. చివరగా హోమ్ ఏజెంటుకు (ఫోను శాశ్వత చిరునామాకు వచ్చే ప్యాకెట్లను అందుకుని ఫోను ఉన్న చోటికి పంపే రూటరు), అవతల మాట్లాడుతున్న యంత్రానికి తన కొత్త చిరునామా తెలియజేయాలి. ఇందులో మొబైల్ ఐపీవీ6 తనదిగా చేసే పని ఈ చివరిది ఒక్కటే. మొదటిది రేడియో పని, మధ్యలోని రెండూ మామూలు ఐపీవీ6 పనులు.

ఇప్పుడు కాగితం మీద ఒక లెక్క వేద్దాం. కొత్త యాక్సెస్ పాయింటును పట్టుకోవడానికి 300 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. రూటర్ ప్రకటనలు 30 నుంచి 70 మిల్లీసెకన్ల మధ్య ఎప్పుడో ఒకప్పుడు వస్తాయనుకుందాం; మొబైల్ ఐపీవీ6 ప్రమాణం ఇంత దగ్గర దగ్గరగా పంపడానికి అనుమతిస్తుంది. ఆ లెక్కన తర్వాతి ప్రకటన కోసం సగటున సుమారు 26 మిల్లీసెకన్లు ఎదురు చూడాలి. చిరునామా తనిఖీకి ఐపీవీ6 డిఫాల్ట్ ఒక ప్రశ్న పంపి 1000 మిల్లీసెకన్లు ఆగడం. ఇక ఫోను నుంచి హోమ్ ఏజెంటుకు ఒకవైపు 40, హోమ్ ఏజెంటు నుంచి అవతలి యంత్రానికి 30, ఫోను నుంచి అవతలి యంత్రానికి నేరుగా 30 మిల్లీసెకన్లు అనుకుందాం. హోమ్ ఏజెంటుకు బైండింగ్ అప్‌డేట్ (కొత్త చిరునామా తెలిపే సందేశం) పంపి జవాబు అందుకోవడానికి 80. తర్వాత, ఫోను చెప్పిన చిరునామాలు నిజంగా దానివేనా అని చూసే రిటర్న్ రూటబిలిటీ పరీక్షలో రెండు సందేశాలు ఒకేసారి బయలుదేరుతాయి. హోమ్ ఏజెంటు మీదుగా వెళ్ళి వచ్చేదానికి 140, నేరుగా వెళ్ళి వచ్చేదానికి 60 పడుతుంది కాబట్టి పెద్దదైన 140నే లెక్కలోకి తీసుకోవాలి. ఆపైన అవతలి యంత్రానికి బైండింగ్ అప్‌డేట్ చేరడానికి 30, అక్కడి నుంచి మొదటి ప్యాకెట్ రావడానికి మరో 30. ప్రోటోకాల్ వాటా 280, మొత్తం 1606 మిల్లీసెకన్లు. ఈ 1606లో 1000 ఒక్క చిరునామా తనిఖీకే పోయింది. ప్రోటోకాల్ వాటా ఆరో వంతు కన్నా కాస్త ఎక్కువ, అంతే.

ఇదే దారిలో హైరార్కికల్ రూపాన్ని పెట్టి చూడండి. ఫోను ఒకే మ్యాప్ పరిధిలో, అంటే ఒకే మొబిలిటీ యాంకర్ పాయింటు కింద తిరుగుతున్నంతసేపు హోమ్ ఏజెంటును కదిలించనక్కరలేదు. దగ్గరలోని మ్యాప్‌కు చెబితే చాలు. మ్యాప్‌కు ఒకవైపు 10 మిల్లీసెకన్లు అనుకుంటే 280 స్థానంలో 20 వస్తుంది, మొత్తం 1346 అవుతుంది. అంటే మెరుగుదల 16 శాతం. ఇప్పుడు ఒకే ఒక్క సెట్టింగు మార్చండి. 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4429 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చిన ఆప్టిమిస్టిక్ డూప్లికేట్ అడ్రస్ డిటెక్షన్‌ను రెండింటికీ పెట్టండి. తనిఖీ ఒక పక్క జరుగుతుండగానే కొత్త చిరునామా వాడుకోవచ్చు కాబట్టి 1000 మిల్లీసెకన్ల ఆగుడు పోతుంది. మొబైల్ ఐపీవీ6కు 606, హైరార్కికల్‌కు 346 వస్తాయి. మెరుగుదల 43 శాతానికి చేరింది. రెండు ప్రోటోకాల్‌లలో ఒక్క అక్షరం మారలేదు, రెండింటి మధ్య తేడా అప్పుడూ ఇప్పుడూ 260 మిల్లీసెకన్లే, కానీ శాతం మాత్రం 16 నుంచి 43కు పెరిగింది. అందుకే శాతాల్లో మాత్రమే ఫలితం చెప్పే నివేదికను నేను ఒప్పుకోను.

మీ గైడు ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. 2008లో ఆర్‌ఎఫ్‌సీ 5213గా వచ్చిన ప్రాక్సీ మొబైల్ ఐపీవీ6లో ఫోను ఏమీ చేయదు. దాని తరఫున మాగ్, అంటే మొబైల్ యాక్సెస్ గేట్‌వే, ఎల్‌ఎంఏ అనే లోకల్ మొబిలిటీ యాంకరుకు సమాచారం పంపుతుంది. ఆ పరిధిలో ఫోను చిరునామా మారదు కాబట్టి తనిఖీ అవసరం లేదు, కొత్త సబ్‌నెట్‌ను గుర్తించే అవసరమూ లేదు. ఎల్‌ఎంఏ కూడా 10 మిల్లీసెకన్ల దూరంలోనే ఉందనుకుంటే, ధ్రువీకరణకు పట్టే సమయాన్ని పక్కన పెట్టి, మొత్తం 320 వస్తుంది. తనిఖీ ఆగుడు తీసేసిన హైరార్కికల్ రూపానికి వచ్చింది 346. తేడా 26 మిల్లీసెకన్లు, అది కూడా రూటర్ ప్రకటన కోసం ఎదురుచూసిన సమయమే. మీ చార్టులో అంత ఎత్తుగా కనిపించిన తేడాలో ఎక్కువ భాగం, మీరు మార్చకుండా వదిలేసిన 1000 మిల్లీసెకన్ల డిఫాల్ట్ వల్ల వచ్చిందని నా అంచనా. మీ లాగ్ తెరిచి, చిరునామా తనిఖీ మొదలైన క్షణాన్నీ ముగిసిన క్షణాన్నీ చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.

దీనివల్ల ప్రాక్సీ రూపం గొప్పతనం తగ్గిపోదు. తనిఖీ అవసరమే లేకుండా చేయడం ఆ రూపకల్పనలోని బలం. అయితే ఆ బలాన్ని దాని పేరుతోనే చెప్పాలి: "ఇది త్వరగా సందేశం పంపుతుంది" అని కాకుండా "ఇది చిరునామా మార్పునే తప్పిస్తుంది" అని రాయాలి. అలా రాసిన వెంటనే చదివేవారికి దాని హద్దు కూడా తెలుస్తుంది. ఫోను ఆ ఎల్‌ఎంఏ పరిధి దాటి బయటికి వెళితే ఈ లాభం ఉండదు.

రూటర్ ప్రకటనల సంగతి కూడా చూడండి. పైన 26 మిల్లీసెకన్లని తేలిగ్గా రాశాను. ఐపీవీ6 రూటర్ల మామూలు డిఫాల్ట్‌లో రెండు ప్రకటనల మధ్య గరిష్ఠ వ్యవధి 600 సెకన్లు, కనిష్ఠం దాదాపు 200 సెకన్లు. అడగకుండా వచ్చే ప్రకటన కోసమే ఫోను కూర్చుంటే సగటున మూడున్నర నిమిషాలు దాటిపోతుంది. అందుకే ఫోను తానే అడుగుతుంది. అయితే అలా అడిగే ముందు 1 సెకను లోపు యాదృచ్ఛికంగా ఆగాలని, జవాబిచ్చే రూటరు అర సెకను లోపు ఆగాలని ప్రమాణంలో ఉంది. రెండూ కలిపి సగటున 750 మిల్లీసెకన్లు. మీ మాడ్యూలు ఈ రెండు ఆగుళ్ళను పాటిస్తోందా, వదిలేసిందా అన్నది కోడు తెరిచి చూడకుండా ఫలితం మీద ఒక్క వాక్యం కూడా రాయకండి. నాలుగు మాడ్యూళ్ళను నలుగురు రాసి ఉంటే, ఒకరు పాటించి మరొకరు వదిలేసి ఉండే అవకాశం చాలా ఉంది.

రేడియో ముక్క గురించి ఒక మాట. వైఫైలో యాక్సెస్ పాయింటు తన ఉనికిని చాటే బీకన్ మామూలుగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తుంది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉన్న 13 ఛానెళ్ళనూ పాసివ్ స్కాన్‌లో ఒక్కొక్క బీకన్ కాలం వింటూ పోతే 1.3 సెకన్లు దాటుతుంది. ఆ ముందు మీ నాలుగు ప్రోటోకాల్‌ల మధ్య తేడాలన్నీ చిన్నబోతాయి. యాక్టివ్ స్కాన్ దీనికన్నా వేగం. 2008లో వచ్చిన 802.11కే ప్రమాణం పక్కనున్న యాక్సెస్ పాయింట్ల జాబితా ఇచ్చి వెతుకులాటను తగ్గిస్తే, అదే ఏడాది వచ్చిన 802.11ఆర్ కొత్త యాక్సెస్ పాయింటు దగ్గర భద్రతా తాళాల తంతును కుదిస్తుంది. మీ సిమ్యులేషన్‌లో రేడియో ముక్కను నాలుగింటికీ ఒకేలా ఉంచి, దాని విలువను పట్టికలో విడిగా చూపండి.

ఫాస్ట్ హ్యాండోవర్ విషయంలో మీరు సగటు జాప్యం మాత్రమే కొలిచారు కాబట్టి దానికి న్యాయం జరగలేదని నాకనిపిస్తోంది. అది రెండు విధాలుగా నడుస్తుంది. లింకు తెగకముందే పసిగట్టి కొత్త రూటరుతో మాట్లాడి పెట్టుకుంటే ప్రిడిక్టివ్. తెగిపోయాక కొత్త చోటికి వెళ్ళి పాత రూటరుకు చెబితే రియాక్టివ్. రెండింటి ఫలితాలను ఒకే సగటులో కలపడం తప్పు. ప్రతి హ్యాండోవరుకూ ఏది జరిగిందో గుర్తు పెట్టి, ప్రిడిక్టివ్ ఎంత శాతం సఫలమైందో వేగం వారీగా చూపించండి. ఆటోలో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయేవారికి రెండు సెల్‌లు కలిసిన 50 మీటర్ల జాగా దాటడానికి 6 సెకన్లు పడుతుంది. రైల్లో గంటకు 100 కిలోమీటర్లతో పోతే 1.8 సెకన్లే. పసిగట్టడం, సందేశాలు పంపడం, జవాబు అందుకోవడం అన్నీ ఆ 1.8 సెకన్లలో ముగియాలి. ఆ ప్రోటోకాల్ అసలు పరీక్ష అక్కడ ఉంది.

ఇంకొకటి, ప్యాకెట్లను కొత్త రూటరు దగ్గర నిలవ ఉంచి ఒక్కసారిగా వదలడం వల్ల నష్టం సున్నా అని వస్తుంది. కానీ ఫోన్లో మాట్లాడేవారికి ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్టూ పోయిన ప్యాకెట్టూ ఒకటే. ఐటీయూ-టీ జీ.114 సిఫారసు ఒకవైపు జాప్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే చాలా వాటికి సరిపోతుందని, నెట్‌వర్క్ రూపకల్పనలో 400 దాటకూడదని చెబుతుంది. అందువల్ల మాటల ట్రాఫిక్‌కు ఒక గడువు పెట్టుకుని, దాన్ని దాటి వచ్చిన ప్రతి ప్యాకెట్టునూ నష్టం కిందే లెక్కించండి.

ఇక నా అనుభవం ఒకటి చెబుతాను, ఎందుకంటే కొలిచే పద్ధతి ఎక్కడ దెబ్బతింటుందో అది చూపిస్తుంది. విజయనగరం నుంచి పలాస వెళ్ళే ప్యాసింజరులో, పొందూరు దాటాక నాగావళి వంతెన దగ్గర మాట తెగిపోతోందని ఫిర్యాదు వచ్చింది. మా డ్రైవ్ టెస్టు సాధనం సెకనుకు ఒకసారి సెల్ నంబరూ సిగ్నల్ బలమూ రాసేది. ఆ లాగ్‌లో ఏ లోపమూ కనిపించలేదు. ఒక వరసలో ఒక సెల్ నంబరు, తర్వాతి వరసలో మరొకటి, రెండింటికీ సిగ్నల్ బాగానే ఉంది. సెకనుకు ఒకసారి చూసే కంటికి సెకను లోపల జరిగేది కనిపించదని మాకు అప్పుడు తట్టింది. మర్నాడు కార్యాలయంలోని ఒక కంప్యూటరు నుంచి రైల్లోని ల్యాప్‌టాప్‌కు 20 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున, వరస సంఖ్య వేసిన చిన్న యూడీపీ ప్యాకెట్లు పంపాం. కిటికీ ఊచకు జీపీఎస్ పరికరాన్ని దారంతో కట్టి, ల్యాప్‌టాప్‌ను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తెర మీద పరుగెత్తుతున్న వరస సంఖ్య 18412 దగ్గర ఆగి, ఊపిరి బిగబట్టినంతసేపు కదలకుండా ఉండి, 18497తో మళ్ళీ మొదలైంది. మధ్యలో 84 ప్యాకెట్లు లేవు, అంతరం 1.7 సెకన్లు. ఫిర్యాదు చేసిన ప్రయాణికుడి మాట అక్షరాలా నిజమైంది.

అదే రోజు మేమొక తప్పు కూడా చేశాం. ఒకవైపు జాప్యం కూడా తీద్దామని రెండు యంత్రాల గడియారాలనూ ఎన్‌టీపీతో (నెట్‌వర్కు మీద గడియారాలు సరిచేసే పద్ధతి) కలిపాం. ఇంటికి వచ్చి చూస్తే కొన్ని ప్యాకెట్లు పంపకముందే అందినట్టు, అంటే జాప్యం మైనస్‌లో వచ్చింది. రైల్లోని ల్యాప్‌టాప్ తన గడియారాన్ని సరిచేసుకున్నది కూడా ఆ మొబైల్ నెట్‌వర్కు మీదనే. ఆ దారిలో పోయే జాప్యమూ వచ్చే జాప్యమూ సమానంగా ఉండవు, ఎన్‌టీపీ మాత్రం సమానమనే అనుకుని లెక్క వేస్తుంది. అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఏమిటంటే, అంతరాన్ని అందుకునే వైపే, ఒకే గడియారంతో, వరుస ప్యాకెట్ల మధ్య ఎడంగా కొలవడం. ఒకవైపు జాప్యం తప్పక కావాలంటే రెండు చివరలా జీపీఎస్ కాలం ఉండాలి. సిమ్యులేటర్‌లో గడియారం ఒకటే కాబట్టి ఈ బాధ మీకు లేదు, కానీ రేపు ఫీల్డు కొలతతో పోల్చేటప్పుడు మాత్రం తప్పక ఎదురవుతుంది.

ఫీల్డు కొలత విషయంలో ఒక హెచ్చరిక. రైల్లో 4జీ ఫోనుతో మీరు కొలిచేది మొబైల్ ఐపీవీ6ను కాదు. అక్కడ ఫోను ఐపీ చిరునామా ఆపరేటరు గేట్‌వే దగ్గర పాతుకుని ఉంటుంది. టవరు మారినా అది మారదు. ఆపరేటరు కోర్ నెట్‌వర్కులో జీటీపీ అనే టన్నెల్ ప్రోటోకాల్ (ఒక ప్యాకెట్టును మరో ప్యాకెట్టులో పెట్టి పంపేది) ఆ పని చేస్తుంది, కొన్ని ఇంటర్‌ఫేస్‌ల మీద ప్రాక్సీ మొబైల్ ఐపీవీ6ను కూడా మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ ప్రమాణాలు అనుమతించాయి. టవరు మారేటప్పుడు పాత టవరు తన దగ్గరున్న ప్యాకెట్లను కొత్త టవరుకు పంపుతుంది. ఫాస్ట్ హ్యాండోవర్‌లోని ఆలోచనే ఇది. కాబట్టి ఫీల్డు లాగ్ నుంచి మీరు తీసుకోవలసింది రేడియో తెగిన వ్యవధులనూ, ఏ సెల్ తర్వాత ఏ సెల్ వచ్చిందన్న వరసనూ మాత్రమే. వాటిని సిమ్యులేషన్‌కు ఇన్‌పుట్‌గా ఇవ్వండి. లాగ్‌లో ఒకే రెండు సెల్‌ల మధ్య ఫోను ముందుకూ వెనక్కూ ఊగిసలాడడం కూడా కనిపిస్తుంది. 3జీపీపీ ఒక అధ్యయనంలో కొత్త సెల్‌లో 1 సెకను కూడా ఉండకుండా పాతదానికి తిరిగి వస్తే దాన్ని పింగ్‌పాంగ్‌గా లెక్కించింది. మీరూ అదే కొలమానం వాడవచ్చు. ఒక్కో హ్యాండోవరుకు జాప్యం తక్కువున్నా హ్యాండోవర్ల సంఖ్య రెట్టింపైతే వాడేవారికి మిగిలేది నష్టమే కాబట్టి, ప్రయాణం మొత్తంలో తెగి ఉన్న సమయాన్ని కలిపి చూపించండి.

టీసీపీ మీద ప్రభావాన్ని మీరు కొలవనే లేదు. తప్పక కొలవాలి, ఎందుకంటే చిన్న తేడాలు అక్కడ పెద్దవవుతాయి. జవాబు రాకపోతే పంపేవైపు గడువు ముగిశాక మళ్ళీ పంపుతుంది, ప్రతిసారీ గడువును రెట్టింపు చేస్తుంది. మొదటి గడువు 200 మిల్లీసెకన్లు అనుకుంటే తిరిగి పంపే క్షణాలు తెగినప్పటి నుంచి 0.2, 0.6, 1.4, 3.0 సెకన్ల దగ్గర పడతాయి. పై లెక్కలో హైరార్కికల్ రూపానికి 1.346 సెకన్లకు దారి తెరుచుకుంది, 1.4 దగ్గర పంపినది అందింది. మొబైల్ ఐపీవీ6కు 1.606కు తెరుచుకుంది, 1.4 దగ్గర పంపినది పోయింది, తర్వాతిది 3.0 దగ్గర. దారి తెరుచుకున్నా దాదాపు 1.4 సెకన్లు ఎవరూ ఏమీ పంపరు. 16 శాతం తేడా వాడేవారికి రెండు రెట్ల కన్నా ఎక్కువగా కనిపించింది. తనిఖీ ఆగుడు తీసేసినప్పుడు కూడా ఇంతే: 606 మిల్లీసెకన్ల వారు 0.6 గడువును కేవలం 6 మిల్లీసెకన్లతో తప్పిపోయి 1.4 దాకా ఆగుతారు. ఇది కాగితం లెక్క. అసలు గడువు రౌండ్ ట్రిప్ సమయాన్ని బట్టి మారుతుంది, ఈనాటి లైనక్స్‌లో మధ్యలో పరీక్షా ప్యాకెట్లూ వెళతాయి. అయినా మెట్లు మెట్లుగా ఉండే ఈ స్వభావం మాత్రం పోదు. అందుకే టీసీపీ ఫలితాల్లో సగటు కన్నా పూర్తి డిస్ట్రిబ్యూషన్, మధ్యస్థం, 95వ పర్సెంటైల్ చూపించాలి. 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9000గా వచ్చిన క్విక్ అనే రవాణా ప్రోటోకాల్, చిరునామా మారినా కనెక్షన్ ఐడీ సాయంతో సంభాషణను కొనసాగిస్తుంది. మొబిలిటీ పని పై పొరకు జరుగుతోందన్న సంగతిని మీ పరిచయ అధ్యాయంలో ఒక పేరాలో చెబితే చాలు.

హ్యాండోవర్ జరగనప్పుడు ఎలా ఉందన్నది కూడా పనితీరే. పై ఉదాహరణలో రూట్ ఆప్టిమైజేషన్ (హోమ్ ఏజెంటును తాకకుండా నేరుగా పంపడం) వాడితే మామూలు వేళ ఒకవైపు 30 మిల్లీసెకన్లు, హోమ్ ఏజెంటు టన్నెల్ మీదనే నడిపితే 70. కానీ హ్యాండోవర్ అప్పుడు టన్నెల్ పద్ధతికి ప్రోటోకాల్ వాటా 280 కాదు, 80 మాత్రమే, ఎందుకంటే హోమ్ ఏజెంటుకు చెప్పగానే ప్యాకెట్లు కొత్త చోటికి మళ్ళుతాయి. ఒక దగ్గర కలిసొచ్చింది మరో దగ్గర పోతుంది. ఎవరు ఎంత తరచుగా కదులుతారన్నదే తీర్పు చెబుతుంది. ప్రాక్సీ రూపంలో ట్రాఫిక్ మామూలుగా ఎల్‌ఎంఏ మీదుగానే పోతుంది. ఎల్‌ఎంఏ హైదరాబాదులో ఉంటే, మీరు కోట కూడలి దగ్గర నిలబడి మయూరి కూడలిలో ఉన్న మిత్రుడితో మాట్లాడినా ఆ మాట హైదరాబాదు వెళ్ళి రావాలి. నేను 10 మిల్లీసెకన్ల దూరం అనుకున్నది ఎల్‌ఎంఏ దగ్గరలో ఉందన్న ఊహ మీద. దాన్ని 5 నుంచి 50 దాకా మార్చి గీత గీయండి, ఒక్క విలువ దగ్గర ఆగకండి.

టన్నెల్ బరువు కూడా లెక్కించండి. ఐపీవీ6లో ఐపీవీ6 పెడితే ప్యాకెట్టుకు 40 బైట్లు పెరుగుతాయి. జీ.711 అనే కోడెక్ (మాటను డేటాగా మార్చే పద్ధతి) వాడిన మాటల ప్యాకెట్ హెడర్లతో కలిపి 220 బైట్లు ఉంటే అది 260 అవుతుంది, 18 శాతం. జీ.729లో 80 బైట్లది 120 అవుతుంది, సగానికి సగం. మొబైల్ ఐపీవీ6 టన్నెల్ ఫోను దాకా వస్తుంది కాబట్టి ఈ బరువు ఖరీదైన రేడియో లింకు మీద పడుతుంది. ప్రాక్సీ రూపంలో టన్నెల్ మాగ్ దగ్గరే ఆగుతుంది కాబట్టి రేడియో మీద పడదు. ప్రాక్సీ రూపానికి అనుకూలంగా మీరు చెప్పగల అత్యంత గట్టి వాదన నా దృష్టిలో ఇదే, ఎందుకంటే ఇది ఏ సెట్టింగు మార్చినా చెరగదు.

కదలికల నమూనా విషయానికి వస్తే, మీరు రాండమ్ వేపాయింట్ (ప్రతి నోడూ యాదృచ్ఛికంగా గమ్యమూ వేగమూ ఎంచుకుని కదిలే నమూనా) వాడినట్టు రాశారు. కనిష్ఠ వేగం సున్నా పెడితే, నెమ్మదిగా బయలుదేరిన నోడ్‌లు గమ్యం చేరడానికి చాలాసేపు పట్టి, కాలం గడిచేకొద్దీ సగటు వేగం పడిపోతూ ఉంటుందని 2003లోనే చూపించారు. నోడ్‌లు మైదానం మధ్యలో గుమికూడడం దాని మరో గుణం. కనిష్ఠ వేగం సున్నాకు పైన పెట్టి, మొదటి భాగాన్ని కొలతల్లోంచి తీసేయండి. అంతకన్నా మంచి పని, మన ఊళ్ళ దారులనే వాడడం. శ్రీకాకుళంలో డే అండ్ నైట్ కూడలి నుంచి ఏడు రోడ్ల కూడలి దాకా ఆటోలు, 16వ నంబరు జాతీయ రహదారి మీద నరసన్నపేట, టెక్కలి వైపు పోయే బస్సులు, విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్డు దాకా రైలు, ఈ మూడు చాలు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి రోడ్లను తీసుకుని సుమో సిమ్యులేటర్‌లో వాహనాలు నడిపి, ఆ జాడలను ఎన్‌ఎస్-3కి ఇవ్వవచ్చు. రైలు పెట్టెలో ఉన్నవారంతా ఒకే క్షణంలో టవరు మారుతారు. సిగ్నలింగ్ భారం అంతా ఒక్కసారి వచ్చి పడే ఆ పరిస్థితి రాండమ్ వేపాయింట్‌లో ఎన్నటికీ రాదు. పెట్టెకు ఒకే రూటరు పెట్టి అందరి తరఫునా అదే మారేలా చేసే నీమో పద్ధతి, 2005 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3963, ఎందుకు పుట్టిందో అప్పుడు మీకే కనబడుతుంది.

చివరగా, పరుగుల సంఖ్య. మీరు పదిసార్లు నడిపితే పదిసార్లూ ఒకే ఫలితం వచ్చిందని, కాబట్టి ఫలితం స్థిరంగా ఉందని రాశారు. అది స్థిరత్వం కాదు. ఎన్‌ఎస్-3లో యాదృచ్ఛిక సంఖ్యల సీడ్ (ఆ సంఖ్యల వరసను మొదలుపెట్టే విలువ) డిఫాల్టుగా మారదు. మీరు ఒకే పరుగును పదిసార్లు చూశారు. ప్రతిసారీ రన్ నంబరు మార్చాలి. ముప్పై వేర్వేరు పరుగులు తీసి, ఒక్కొక్క పరుగుకు ఒక సగటు తీసుకుని, ఆ ముప్పై సగటుల మీద 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ లెక్కించండి; టీ విలువ 2.045. ఒక పరుగులోని హ్యాండోవర్లన్నింటినీ విడివిడి నమూనాలుగా లెక్కించకండి, ఎందుకంటే అవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. నాలుగు ప్రోటోకాల్‌లకూ ఒకే రన్ నంబర్ల వరస వాడి, జతగా తేడా తీస్తే తక్కువ పరుగుల్లోనే తేడా స్పష్టంగా కనబడుతుంది. అయితే యాదృచ్ఛిక ధారలు నాలుగింటిలోనూ ఒకే వరసలో కేటాయింపయ్యాయని ముందు సరిచూసుకోవాలి, లేకపోతే రన్ నంబరు ఒకటే అయినా కదలికలు వేరవుతాయి. 2005లో మోబిహాక్ సదస్సు పత్రాలను పరిశీలించినవారు, సిమ్యులేషన్ పత్రాల్లో 15 శాతం కూడా మరొకరు తిరిగి చేసి చూడడానికి వీలుగా లేవని తేల్చారు. అందువల్ల సిమ్యులేటర్ వెర్షన్, మాడ్యూళ్ళ వెర్షన్లు, రన్ నంబర్లు, ప్రతి టైమరు విలువ అనుబంధంలో ఉండాలి.

సమయం తక్కువుందని రాశారు కాబట్టి, ముందు ఈ వారంలో ఒక్క పని చేయండి. ఉన్న కోడులోనే ఐదు చోట్ల టైమ్‌స్టాంపు రాయించండి: పాత లింకు తెగినప్పుడు, కొత్త లింకు కుదిరినప్పుడు, రూటర్ ప్రకటన అందినప్పుడు, కొత్త చిరునామా వాడుకకు సిద్ధమైనప్పుడు, కొత్త దారిలో మొదటి ప్యాకెట్ అందినప్పుడు. నాలుగు ప్రోటోకాల్‌లకూ ఆ నాలుగు అంతరాలను పక్కపక్కన పెట్టిన పట్టికను, చిరునామా తనిఖీ డిఫాల్టుతో ఒకసారీ ఆప్టిమిస్టిక్ పద్ధతితో ఒకసారీ తీసి, ముందుగా మీ గైడుకు చూపించండి. ప్రాక్సీ రూపం వరసలో మూడో టైమ్‌స్టాంపు కనిపించవచ్చు, ఎందుకంటే మాగ్ కూడా ప్రకటన పంపుతుంది; నాలుగోది మాత్రం ఖాళీగా రావాలి. నాలుగోదాని దగ్గర ఏదైనా సంఖ్య కనిపిస్తే ఆ మాడ్యూలు ప్రతి మాగ్ నుంచి ఒకే ప్రిఫిక్స్ (చిరునామా ముందు భాగం) పంపడం లేదని అర్థం, మిగతా పని మొదలుపెట్టే ముందు దాన్ని సరిచేసుకోవాలి.